తొలగించబడిన చిత్రములు, తొలగించిన చేతులు: హాల్లే మ్యూజియంలోని ఆధునిక జర్మను కళపై ఒక దైవశాస్త్ర విమర్శ

ఉపోద్ఘాతము

సీతాఫల్‌మండిలో గృహకూటములకు వెళ్ళే ఏ కాపరికైనా ఒక పటము బాగా పరిచయమే. చీకటి తోట, ఒక బండ, దానిమీద జోడించిన చేతులు, పైనుండి పడే వెలుగువైపు ఎత్తిన ప్రశాంతమైన ముఖము. గెత్సేమనేలో ప్రార్థించే ప్రభువు. క్యాలెండరుగానో, గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన బహుమతిగానో ఆ పటము ఇంటిలోనికి వస్తుంది. దానిక్రిందనే కుటుంబ ప్రార్థన జరుగుతుంది. దానిని గీసినవారెవరని అడిగితే మనలో చాలామంది చెప్పలేము. ఆయన హైన్రిఖ్ హోఫ్మన్ (1824-1911), డ్రెస్డెన్‌లో ఆచార్యుడుగా పనిచేసిన జర్మను చిత్రకారుడు. మూలచిత్రము నేడు న్యూయార్కులోని రివర్‌సైడ్ చర్చిలో ఉన్నది.

అనగా జర్మను కళ మనకు కొత్తది కాదు. మనకు తెలియకుండానే అది మన గోడమీద ఉన్నది. అయితే ఒక సంగతి గమనించాలి. మార్కు 14:33-34, లూకా 22:44 వచనములను చదివి ఆ పటమును చూడండి. సువార్తికులు చెప్పిన కలవరము, వేదన, నేలమీద పడిన చెమట అక్కడ కనిపించవు. వస్త్రము నలగలేదు, జుట్టు చెదరలేదు. మనము ప్రసంగించే గెత్సేమనే ఒకటి, మన గోడమీది గెత్సేమనే మరొకటి.

హోఫ్మన్ బ్రతికి ఉండగానే జర్మనీలో ఈ సౌమ్యమైన చిత్రణను త్రోసివేసిన ఒక తరము బయలుదేరింది. రంగులు మండిపోయేటట్లు, ముఖములు వంకరపోయేటట్లు, గీతలు గాయములవలె కనిపించేటట్లు వారు చిత్రించారు. కంటికి కనిపించినదానిని ఉన్నదున్నట్లు దించుటకంటె లోపలి అనుభవమును బయట పెట్టుట ముఖ్యమని వారు నమ్మారు. ఈ ధోరణికే ఎక్స్‌ప్రెషనిజం అని పేరు. ఆ కళను ముందుగా సేకరించిన మ్యూజియములలో ఒకటి హాల్లే పట్టణములోని మోరిట్స్‌బుర్గ్ మ్యూజియం. ఆ సేకరణలోని ముఖ్యమైన కొన్ని చిత్రములను, వాటికి పట్టిన గతిని, అందులో సంఘమునకు గల పాత్రను ఈ వ్యాసములో పరిశీలిస్తాము. మా వాదన క్లుప్తముగా ఇది: సంఘమో రాజ్యమో తిరస్కరించినంత మాత్రమున ఒక చిత్రము పరిశుద్ధము కాదు, కాని ఆ తిరస్కారము తిరస్కరించినవారిని తప్పక బయటపెడుతుంది. ఈ రెండు మాటలను కలిపి పట్టుకొనుట కాపరులకు అవసరము.

1. హాల్లేతో మన బంధుత్వము

హాల్లే పేరు వేదాంత విద్యార్థులకు కొత్తది కాదు. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనాథాశ్రమమును, పాఠశాలలను స్థాపించినది అక్కడే. 1706లో తరంగంబాడికి వచ్చిన మిషనరీల వెనుక నిలిచిన భక్తి ఉద్యమమునకు అది కేంద్రము. మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. తెలుగులో బైబిలు అనువాదమునకు పూనుకొన్న బెంజమిన్ షుల్జ్ 1743లో భారతదేశము విడిచి హాల్లే చేరాడు. 1746, 1747 సంవత్సరములలో ఆయన పూనికతో కొన్ని చిన్న క్రైస్తవ గ్రంథములు తెలుగులో అక్కడ అచ్చయ్యాయి. తెలుగు అచ్చు పుస్తకముల చరిత్ర వాటితోనే మొదలవుతుంది. మన లిపి మొదట సిరా ముట్టినది కృష్ణా గోదావరుల తీరమున కాదు, జర్మనీలో ఆ పట్టణమున.

మోరిట్స్‌బుర్గ్ అదే పట్టణములోని ఒక కోట. 1484లో దాని నిర్మాణము ఆరంభమైంది. మైన్స్ ఆర్చిబిషప్పు, కార్డినల్ ఆల్‌బ్రెఖ్ట్ అక్కడ నివసించాడు. 1517 అక్టోబరు 31న లూథరు తన 95 సిద్ధాంతములను జతపరచి ఉత్తరము వ్రాసినది ఈ ఆల్‌బ్రెఖ్టుకే. పాపపరిహార పత్రముల అమ్మకము ఆయన పేరనే జరిగింది. అంతేకాక పరిశుద్ధుల ఎముకలు, వస్త్రపు తునకలు మొదలైన అవశేషములను ఆయన వేల సంఖ్యలో హాల్లేలో పోగుచేశాడు. వాటిని దర్శించినవారికి పాపశిక్ష తగ్గుతుందని బోధించేవారు. సంస్కరణోద్యమము పట్టణములో ప్రవేశించిన 1541లో ఆయన హాల్లే విడిచి వెళ్ళాడు. చూచుట వలన పుణ్యము వచ్చునని ఒకప్పుడు నమ్మిన చోటనే నేడు ఒక చిత్రసంగ్రహాలయము నడుస్తున్నది. ఈ సంగతి మన విమర్శకు చివర పనికివస్తుంది.

2. ప్రభురాత్రి భోజనము: బల్ల చుట్టూ ఇరుకు

1908లో మాక్స్ జావర్‌లాంట్ ఈ మ్యూజియమునకు డైరెక్టరు అయ్యాడు. 1913లో ఆయన ఎమిల్ నోల్డే 1909లో గీసిన 'ప్రభురాత్రి భోజనము' అనే చిత్రమును కొన్నాడు. బెర్లిను మ్యూజియముల అధిపతి విల్హెల్మ్ ఫోన్ బోడే ఈ కొనుగోలును బహిరంగముగా విమర్శించాడు. మ్యూజియము సొమ్ము ఇటువంటివాటికి ఖర్చు చేయవచ్చునా అన్నది వివాదము.

మేము ఈ చిత్రమును ముద్రిత ప్రతులలో చూచినవారము. అందులోనూ దాని బలము తెలియకపోదు. మనకు అలవాటైన లియొనార్డో చిత్రములో పొడవైన బల్ల, విశాలమైన గది, వెనుక కిటికీలు ఉంటాయి. నోల్డే వాటిని తీసివేశాడు. శిష్యుల ముఖములు ఒకదానిపై ఒకటి పడుతున్నట్లు క్రీస్తు చుట్టూ ముసురుకొని ఉన్నాయి. మధ్యలో క్రీస్తు తెల్లని వస్త్రముతో, ఎర్రని పైవస్త్రముతో గిన్నెను రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. ముఖము పసుపుగా, జ్వరము తగిలినవాని ముఖమువలె ఉన్నది. నోల్డే అప్పుడే ఒక తీవ్రమైన జబ్బు నుండి లేచినవాడు.

దైవశాస్త్ర దృష్టితో ఇక్కడ రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది, ఈ చిత్రములో చూచేవాడు దూరముగా నిలబడలేడు. స్థలము లేదు. బల్లకు ఇవతలి వైపున ఖాళీగా ఉన్నది మన చోటే. సంస్కారపు రొట్టెను వరుసలో నిలబడి అందుకొనే మనకు, ఒకరి భుజమునకు ఒకరు తగులుతూ తినిన ఆ రాత్రి ఇరుకును ఈ చిత్రము గుర్తు చేస్తుంది. రెండవది, ఇక్కడ మహిమ వెలుతురు పైనుండి రాదు. తలచుట్టూ వలయము లేదు. ఉన్న వెలుగంతా ఆ పసుపుపచ్చని ముఖము నుండి, ఎర్రని వస్త్రము నుండి వస్తున్నది. మరణమునకు సిద్ధపడుతున్న దేహమే దీపము. లూథరు సిలువ వేదాంతమును ఒక రంగులోనికి మార్చితే ఇట్లు ఉంటుందేమో.

3. మృగముల గతి, రాతి గోపురములు

హాల్లే సేకరణలో మరొక గొప్ప చిత్రము ఫ్రాంట్స్ మార్క్ 1913లో గీసిన 'మృగముల గతి'. మార్క్ యౌవనములో వేదాంతము చదివి కాపరి కావాలని తలచినవాడు. తరువాత కుంచె పట్టాడు. ఈ చిత్రములో ఒక అడవి కూలిపోతున్నది. చెట్లు మంటలవలె అడ్డముగా దూసుకువస్తున్నాయి. మధ్యలో ఒక నీలి లేడి మెడ పైకెత్తి నిలిచి ఉన్నది. పారిపోవుటకు దారి లేదు. మనుష్యుడు ఎక్కడా కనిపించడు. ఒక్క సంవత్సరములో యుద్ధము వచ్చింది. 1916 మార్చి 4న వెర్డన్ వద్ద మార్క్ మరణించాడు. తరువాత ఈ చిత్రము అగ్నిప్రమాదములో కొంత కాలిపోగా ఆయన స్నేహితుడు పౌల్ క్లే ఆ భాగమును తిరిగి గీశాడు. కుడివైపున రంగు కాస్త మసకగా ఉండుటకు కారణము అదే. రోమా 8:22ను సృష్టి సంరక్షణ ఆదివారమున బోధించే కాపరులకు ఇంతకంటె మంచి సహాయము అరుదు. ఇందులో బైబిలు కథ ఏదీ లేదు. అయినా సృష్టి మూలుగు ఇందులో వినిపిస్తుంది.

పాల్ టిల్లిక్ ఈ తేడానే మనకు నేర్పాడు. ఆయన హాల్లే విశ్వవిద్యాలయములో చదివినవాడు. మొదటి ప్రపంచ యుద్ధములో సైన్యమునకు చాప్లెయినుగా ఉండి శవములను పూడ్చినవాడు. చిత్రములోని విషయము మతసంబంధమైనంత మాత్రమున అది మతచిత్రము కాదని, విషయము లౌకికమైనా దాని శైలిలో మానవుని కడవరి ప్రశ్న వినిపించవచ్చునని ఆయన వాదించాడు. ఎక్స్‌ప్రెషనిజంలో ఆయన ఆ శక్తిని చూచాడు. ఆ కొలతతో కొలిస్తే, హోఫ్మన్ గెత్సేమనే విషయములో మతసంబంధమైనది, శైలిలో కాదు. మార్క్ లేడి దానికి తారుమారు.

మూడవ ఉదాహరణ లైయొనెల్ ఫైనింగెర్. 1919లో బౌహౌస్ కళాశాల ప్రకటనపత్రముపై ముద్రించిన కెథెడ్రల్ ఉడ్‌కట్ ఆయనదే. 1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన బౌహౌస్ ప్రదర్శనలో ఆయన పనులు కూడా మన దేశమునకు వచ్చాయి. హాల్లే మ్యూజియం ఆయనకు కోటలోనే ఒక గోపురపు గదిని పని చేసుకొనుటకు ఇచ్చింది. 1929 నుండి 1931 వరకు ఆయన ఆ పట్టణమును 11 చిత్రములుగా గీశాడు. వాటిలో తరచు కనిపించేది సంతవీధిలోని మరియ దేవాలయము. 1546 ఫిబ్రవరిలో ఐస్లేబెన్ నుండి విట్టెన్‌బెర్గుకు తీసుకొని వెళ్తూ లూథరు దేహమును ఒక రాత్రి ఉంచినది ఆ దేవాలయములోనే. ఫైనింగెర్ కుంచెలో దాని రాతిగోడలు స్ఫటికపు పలకలవలె విడిపోయి, వెలుతురు వాటిగుండా నడుస్తుంది. బరువైన కట్టడము బరువు కోల్పోతుంది. సంఘమును కట్టడముగా చూచుటకు అలవాటుపడిన మనకు, కట్టడమును వెలుగుగా చూపిన చిత్రములివి. చందాలు పోగుచేసి గోపురముల ఎత్తులో పోటీపడుతున్న మన జంటనగరముల సంఘములు వీటియెదుట కొంతసేపు నిలిచినా మేలే.

4. ఎవరు తొలగించారు?

1933 తరువాత ఈ సేకరణ గతి మారింది. 1935లో హాల్లేలోనే ఆధునిక చిత్రములను వేరుచేసి, ప్రజలు అసహ్యించుకొనుటకై ఒక ప్రత్యేకమైన గదిలో పెట్టారు. 1937లో నాజీ ప్రభుత్వము జర్మనీ మ్యూజియములన్నిటి నుండి సుమారు 20,000 కళాఖండములను స్వాధీనము చేసుకొన్నది. ఆ సంవత్సరము జూలై 19న మ్యూనిక్‌లో 'భ్రష్ట కళ' అనే పేరుతో ప్రదర్శన తెరిచారు. ఇరువది లక్షలకు పైగా జనము చూచారు. అక్కడ మతవిషయకమైన చిత్రములకు ఒక గది కేటాయించి, దైవదూషణగా వాటిని చూపించారు. నోల్డే గీసిన తొమ్మిది పలకల 'క్రీస్తు జీవితము' అందులో ప్రధానమైనది.

హాల్లే నూటికి పైగా కళాఖండములను పోగొట్టుకొన్నది. నోల్డే 'ప్రభురాత్రి భోజనము' నేడు కోపెన్‌హేగెన్‌లో ఉన్నది. 'మృగముల గతి'ని 1939లో స్విట్జర్లాండులోని బాసెల్ మ్యూజియం కొన్నది. ఫైనింగెర్ 11 చిత్రములలో మూడు మాత్రమే హాల్లేలో తిరిగి కనిపిస్తున్నాయి. 2019 సెప్టెంబరు నుండి 2020 జనవరి వరకు ఆ మ్యూజియం, చెదరిపోయినవాటిలో కొన్నిటిని దేశదేశముల నుండి ఎరువు తెచ్చి, ఒకప్పటి సేకరణను మరల చూపించింది. తన సొత్తును తానే ఎరువు తెచ్చుకొని చూపించుకొనవలసి వచ్చిన సంగ్రహాలయమది.

ఇంతవరకు చెప్పినది ప్రభుత్వపు దోషము. అయితే వేదాంత కళాశాలలో కూర్చొని దీనిని చదివే మనము ఇంకొక ప్రశ్న వేయాలి. సంఘము ఏమి చేసింది?

ల్యూబెక్ పట్టణపు కెథెడ్రల్‌లో శిల్పి లుడ్విగ్ గీస్ చెక్కిన పెద్ద సిలువ ప్రతిమను 1922లో ఉంచారు. యుద్ధములో చనిపోయినవారి జ్ఞాపకార్థము చేసినది అది. క్రీస్తు దేహము నులిమి మెలిపెట్టినట్లు ఉంటుంది. కొంతకాలములోనే ఎవరో దాని తల విరుగగొట్టి చెరువులో పారవేశారు. హిట్లరు అధికారమునకు వచ్చుటకు ఇంకా 11 సంవత్సరములు ఉన్నది. 1937లో అదే ప్రతిమను మ్యూనిక్ ప్రదర్శనలో ఎగతాళి కొరకు నిలిపారు. ఆ తరువాత అది కనుమరుగైంది.

గ్యూస్ట్రో కెథెడ్రల్‌లో ఎర్న్‌స్ట్ బార్లాఖ్ చేసిన కంచు దేవదూత 1927 నుండి గొలుసులకు వ్రేలాడుతూ ఉండేది. కళ్ళు మూసుకొని, చేతులు రొమ్మున కట్టుకొని, నేలకు సమాంతరముగా తేలే ఆకృతి. యుద్ధములో చనిపోయిన సంఘ సభ్యుల కొరకు చేసిన స్మారకము. ఆ దూతకు కేటె కోల్విట్స్ ముఖము వచ్చిందని అందరూ గుర్తించారు. ఆమె 1914 అక్టోబరులో 18 సంవత్సరముల కుమారుని యుద్ధములో పోగొట్టుకొన్న చిత్రకారిణి. ఆ దూతలో విజయము లేదు, జెండా లేదు, వీరత్వము లేదు. ఉన్నది మౌనముగా మోసే దుఃఖము మాత్రమే. 1937 ఆగస్టులో సంఘాధికారుల నిర్ణయముతోనే దానిని దింపివేశారు. తరువాత యుద్ధసామగ్రి కొరకు కరగించారు. అంతకు మునుపు 1934లో, మాగ్డెబుర్గ్ కెథెడ్రల్‌లోని బార్లాఖ్ స్మారకమును తీసివేయుమని కోరినది కూడా ఆ సంఘమువారే. అదే 1934లో బార్మెన్ ప్రకటన వెలువడింది. ప్రకటనలు చేసిన సంఘమూ, ప్రతిమలు దింపిన సంఘమూ ఒకే దేశములో, ఒకే వేదము చదువుతూ ఉన్నాయి.

ఈ మూడు ఉదాహరణల వలన మేము చేరిన అభిప్రాయము ఇది. ప్రభుత్వము వచ్చి సంఘము చేతిలో నుండి క్రీస్తును లాగుకొనలేదు. గాయపడిన క్రీస్తును సంఘము అప్పటికే బయట పెట్టింది. ప్రభుత్వము వాకిట్లో దొరికినదానిని ఎత్తుకొని పోయింది. యెషయా 53:2-3ను శుభశుక్రవారమున చదివే నోరే, ఆ వచనమునకు సరిపడే ముఖము ఎదురుగా వచ్చినప్పుడు మా క్రీస్తు ఇట్లు ఉండడు అన్నది.

5. నోల్డే విషయములో ఒక హెచ్చరిక

ఇక్కడ ఆగితే మన వ్యాసము సగము నిజమే చెప్పినదవుతుంది. తిరస్కరింపబడిన చిత్రకారులందరూ ప్రవక్తలనే ముగింపు మనసుకు హాయిగా ఉంటుంది. చాలాకాలము జర్మనీలో కూడా అట్లే చెప్పుకొన్నారు. కాని నోల్డే కథ ఆ హాయిని నిలువనివ్వదు.

1937లో ఏ చిత్రకారుని నుండీ తీసుకోనన్ని కళాఖండములు, 1,052, నోల్డేవి తీసుకొన్నారు. 1941లో ఆయన వృత్తిని నిషేధించారు. ఇది నిజము. నోల్డే 1934 నుండి నాజీ పార్టీ సభ్యుడు అన్నది కూడా నిజము. ఆయన యూదులను ద్వేషించాడు. తన కళ నిజమైన జర్మను కళయని, తనను పొరపాటున శిక్షిస్తున్నారని అధికారులకు విన్నపములు వ్రాసుకొన్నాడు. యుద్ధానంతరము ఆయన హింసింపబడిన కళాకారుడుగా మాత్రమే కీర్తింపబడ్డాడు. 2019లో బెర్లినులో జరిగిన ఒక ప్రదర్శన ఆయన ఉత్తరములను, పత్రములను బయటపెట్టి ఆ కట్టుకథను పడగొట్టింది. అదే సంవత్సరము జర్మను ఛాన్సలర్ అంగెలా మెర్కెల్ తన కార్యాలయములో ఉన్న రెండు నోల్డే చిత్రములను తిరిగి పంపివేసింది.

ఇప్పుడు 'ప్రభురాత్రి భోజనము'ను ఏమి చేయాలి? నోల్డే క్రీస్తును, శిష్యులను యూదులుగానే చిత్రించాడు. ఆ సంగతిని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. మన హోఫ్మన్ పటములోని ఐరోపా ముఖముకంటె చరిత్రకు అదే దగ్గర. అయినా ఆ బల్లయొద్ద యూదులను కూర్చోబెట్టిన చేయి, వీధిలోని యూదుని ద్వేషించిన చేయి ఒక్కటే. ఈ వైరుధ్యము చిత్రకారులకు మాత్రమే ఉన్నది కాదు. పాతనిబంధనను ప్రసంగిస్తూ యూదులను శపించిన ప్రసంగీకులు సంఘచరిత్రలో కొదువ లేరు. ఒకే గిన్నెలో త్రాగి, బయటికి వచ్చి కులము అడిగే విశ్వాసులు మన మధ్య కొదువ లేరు.

కొందరు ఆ చిత్రమును దాచివేయాలంటారు. మేము అట్లు అనుకొనము. దానిని చూపవలసిందే, గీసినవాని కథతో కలిపి చూపవలసింది. బల్లయొద్దనే అప్పగించువాడు కూడా ఉన్నాడని సువార్తలు చెప్పలేదా? నోల్డే తనకు తెలియకుండానే తన్ను తాను ఆ బల్లయొద్ద చిత్రించుకొన్నాడని మేము ఆ చిత్రమును చదువుతాము.

మ్యూజియముల విషయములో కూడా మేము ఒక సందేహమును ముందుంచుతున్నాము. పోగొట్టుకొన్న చిత్రములను తిరిగి చూపించుట న్యాయమైన పనే. అయితే హింసింపబడిన వస్తువును చూచుట వలన మనము మంచివారమైపోయాము అనే భావన చూచేవానికి సులభముగా కలుగుతుంది. ఆల్‌బ్రెఖ్ట్ కాలములో అదే పట్టణమున అవశేషములను చూచినవారికి కలిగిన ఊరట కూడా ఇటువంటిదే. మత్తయి 23:29-31లో ప్రవక్తల గోరీలు కట్టేవారిని గూర్చి ప్రభువు చెప్పినది ఇక్కడ అన్వయిస్తుంది. చిత్రములను తిరిగి గోడకు తగిలించుట ఒక పని. వాటిని దింపిన చేతులు ఎవరివో వాటిప్రక్కన వ్రాయుట మరొక పని. రెండవదే కష్టము.

6. మన గోడమీద

ఇది జర్మనీ సంగతి అని ప్రక్కన పెట్టగలిగితే ఈ వ్యాసము వ్రాసేవారము కాము. కొన్ని సంవత్సరముల క్రిందట మాకు తెలిసిన ఒక సంఘములో శుభశుక్రవారపు ఆరాధన కొరకు వేదిక వెనుక ఒక తెర కట్టారు. ఆ సంఘపు యౌవనస్థుడొకడు దానిని గీశాడు. అతడు దుకాణముల బోర్డులు వ్రాసి బ్రతికినవాడు. ఫ్లెక్సీలు వచ్చి అతని పని పోయింది. తెల్లని గుడ్డపై అతడు గీసిన క్రీస్తు నల్లగా, బక్కగా, ఒక కన్ను వాచిపోయి, మూటలు మోసి కాయలు కాచిన భుజములతో ఉన్నాడు. గూడ్స్ షెడ్డులో పనిచేసే హమాలీ దేహము అది. అతని తండ్రి ఆ పనే చేసేవాడని తరువాత తెలిసింది.

ఆరాధనకు ముందు పెద్దలు వచ్చి చూచారు. పిల్లలు జడుసుకుంటారన్నారు ఒకరు. ఇది మన ప్రభువులా లేదన్నారు మరొకరు. అరగంటలో ఆ గుడ్డను చుట్టి ప్రక్క గదిలో పెట్టి, అద్దెకు తెచ్చిన ఒక ఫ్లెక్సీని కట్టారు. దానిమీద ఉన్నది హోఫ్మన్ గెత్సేమనే. ఆ రోజు ఏడు మాటలలో ఒక మాటను ధ్యానించుటకు పిలువబడినవారము మేము. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, దేవునిచేత విడువబడిన కుమారుని గూర్చి ప్రసంగించి, కాఫీ త్రాగి ఇంటికి వచ్చాము. ఒక్క మాట అనలేదు. గ్యూస్ట్రో దేవదూతను దింపిన సంగతి మొదటిసారి చదివినప్పుడు మాకు గుర్తుకు వచ్చినది ఆ ప్రక్క గదిలోని గుడ్డచుట్ట. ఆ యౌవనస్థుడు తరువాత సంఘమునకు రావడము తగ్గించాడు. కారణము ఇదేనని చెప్పలేము. కాదని కూడా చెప్పలేము.

పెద్దల పక్షమున న్యాయము లేకపోలేదు. వారమంతా ఇంటిలోనూ వీధిలోనూ గాయములనే చూచేవారు ఆదివారమున ఒక సౌమ్యమైన ముఖమును కోరుకొనుట తప్పు కాదు. హోఫ్మన్ పటము క్రింద కన్నీటితో ప్రార్థించి ఆదరణ పొందిన తల్లులను మేము ఎరుగుదుము. ఆ పటమును దింపివేయమని మేము చెప్పము. నిర్గమ 20:4ను ఎత్తి చూపి ఏ చిత్రమూ వద్దనే సహోదరుల మాటకు కూడా విలువ ఉన్నది. అయితే ఒక చిత్రమును ఆజ్ఞ పేరుతో తీసివేసి ఆ చోట మరొక చిత్రమును కట్టినప్పుడు మనము పాటిస్తున్నది ఆజ్ఞ కాదు, అలవాటు. మన అలవాటులో దేవుని కుమారునికి తెల్లని చర్మమును అనుమతించాము. హమాలీ భుజములను అనుమతించలేదు.

ముగింపు

కాపరులకు, విద్యార్థులకు మా సూచనలు మూడు. ఒకటి, శ్రమల దినములలో ఒక కూటమినైనా చిత్రముతో నడిపించండి. 1918లో కార్ల్ ష్మిట్-రోట్లుఫ్ యుద్ధభూమి నుండి తిరిగి వచ్చి చేసిన క్రీస్తు ఉడ్‌కట్‌ను చూపవచ్చును. ఒక కన్ను మూసుకొన్న ఆ ముఖపు నుదుటిమీద 1918 అని చెక్కబడి ఉన్నది. మన నుదుటి సంవత్సరము ఏది అని సంఘమును అడుగవచ్చును. రెండు, ఏ చిత్రమునైనా చూపునప్పుడు దానిని గీసినవారి కథను, అది ఎవరిచేత త్రోసివేయబడినదో ఆ కథను, రెండిటినీ చెప్పండి. ఒకటి చెప్పి రెండవది విడిచితే మనము మరల అవశేషములను పూజించేవారమవుతాము. మూడు, మీ సంఘములో బొమ్మలు వేసే చేయి ఎవరిదో కనుగొనండి. వారు గీసినది నచ్చకపోతే వారితో కూర్చొని మాట్లాడండి. వారు లేని సమయమున చుట్టి ప్రక్క గదిలో పెట్టవద్దు.

గ్యూస్ట్రో దేవదూత పూతపోసిన అచ్చు ఒకటి మిగిలి ఉండుట వలన దానికి మరల ప్రతులు చేయగలిగారు. 1952లో ఒకటి కొలోన్‌లోని ఆంటొనైటర్ చర్చిలో, 1953లో మరొకటి గ్యూస్ట్రోలో వ్రేలాడదీశారు. కరగించినది తిరిగి రాలేదు. అచ్చును దాచినవారు ఉన్నందున దాని రూపము తిరిగి వచ్చింది. హెబ్రీ 13:12-13 మనలను గవిని వెలుపలికి పిలుస్తున్నది. మన విషయములో ఆ వెలుపలి స్థలము చాలా దూరములో లేదు. వేదిక ప్రక్కన ఉన్న గది తలుపు తీస్తే చాలు.